దెబ్బా, జబ్బా?

తెలుగులో దెబ్బకూ జబ్బుకూ శబ్దంలో ఉన్న దగ్గరితనం యాదృచ్ఛికమే కావచ్చు. అర్థంలో మాత్రం రెంటి నడుమా చాలా దూరం ఉంది. దెబ్బ తగిలినవాణ్ణి చూసి జాలిపడి దగ్గరకు వెళ్తాం. జబ్బు చేసినవాణ్ణి చూసి జాలిపడుతూనే రెండడుగులు వెనక్కి వేస్తాం. ఈ రెంటి మధ్యనున్న ఇరుకు సందులో "పుండు" అనే మాట ఒకటి ఉంది. అది దెబ్బ నుంచీ పుట్టవచ్చు, జబ్బు నుంచీ పుట్టవచ్చు. ఏ ఇంటి బిడ్డో తేల్చుకోవలసిన భారం చూసేవాడిదే.

మనిషయితే అడగవచ్చు. పశువయితే కాపరిని అడగవచ్చు. చేపను గురించి ఎవరిని అడగాలి?

కొన్నేళ్ళుగా నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది. మా ఇంట్లో నాలుగువందల యాభై లీటర్ల ఉప్పునీటి తొట్టి ఒకటి ఉంది. బంగారు చేపలూ గప్పీలూ ఉండే మంచినీటి తొట్టి కాదు, పగడపు దిబ్బల చేపలుండే తొట్టి. ఉన్న ఊరు సముద్రానికి అయిదుగంటల దూరం (అమెరికాలో దూరాన్ని గంటల్లోనే కదా కొలుస్తాం). కాబట్టి ఉప్పు కొలిచి, నీళ్ళు కలిపి, ఇంట్లోనే సముద్రాన్ని వండుకోవాలి. అందులో పదకొండేళ్ళుగా ఒక క్లౌన్ ఫిష్ జంట కాపురముంటోంది. మా అమ్మాయి బడిలో చేరిన ఏడు వచ్చాయి. ఇప్పుడది కాలేజీ గురించి మాట్లాడుతోంది. ఆ జంట మాకు చేపలుగా కాక, ఇంట్లో ఒక మూల కూర్చుని అన్నీ గమనించే పెద్దలుగా అలవాటయ్యాయి. కొత్త చేప ఏది వచ్చినా ముందు తలపుకు వచ్చేది వాటి క్షేమమే.

అందుకే కొత్త చేపను తిన్నగా పెద్ద తొట్టిలోకి వదలము. వేరే గదిలో డెబ్బయి అయిదు లీటర్ల చిన్న తొట్టి ఉంటుంది. అడుగున ఇసుక ఉండదు, రాళ్ళు ఉండవు. దాక్కోవడానికి రెండు మూడు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, ఒక స్పాంజి వడపోత, ఒక హీటరు, అంతే. అతిథి గృహం కంటే ఆస్పత్రి వార్డుకే దగ్గరగా ఉంటుంది. దీన్ని ప్రపంచమంతా క్వారంటైన్ అంటుంది. 1377లో ఎడ్రియాటిక్ తీరాన రగూసా నగరంవారు, నేటి దుబ్రోవ్‌నిక్, ప్లేగు ఉన్న చోట్లనుంచి వచ్చేవారిని ముప్ఫయి రోజులు విడిగా ఉంచాలని శాసనం చేశారు. తరువాత వెనిస్ ప్రాంతంలో ఆ ముప్ఫయి నలభై అయింది. వారి భాషలో నలభైకి ఉన్న మాటే పేరుగా స్థిరపడింది. 2020లో మన ఊళ్ళలో రచ్చబండ మీద కూర్చున్న ముసలివారి నోళ్ళలో కూడా ఈ మాట నానింది.

ఆ నలభై రోజులూ చేపను చూడడమే పని. చూడడమంటే మురిసిపోవడం కాదు. కాపలా పోలీసు చూపు అది. అలా చూస్తున్నప్పుడు ఏదో ఒక మచ్చ, ఒక గీత, ఒక చిరుగు కంటబడుతుంది. కంటబడకపోవడం అరుదు. ఏ ఫిలిప్పీన్స్‌లోనో ఇండొనీషియాలోనో వలలో పడి, లోతునుంచి పైకి తెచ్చినప్పుడు ఉబ్బిన గాలితిత్తికి కొన్నిసార్లు సూదిపోటు పడి, ప్లాస్టిక్ సంచిలో రెండు మూడు విమానాలెక్కి, టోకు వర్తకుడి తొట్టీ చిల్లర వర్తకుడి తొట్టీ దాటి వచ్చిన ప్రాణి అది. ఒంటిమీద ఒక్క గీతా లేకుండా ఎలా వస్తుంది?

మచ్చ కనబడగానే అడగవలసినది ఒకటే. దెబ్బా, జబ్బా?

ఈ ప్రశ్నకు ఇంత ప్రాముఖ్యమెందుకంటే రెంటికీ చేయవలసిన పనులు ఒకదానికొకటి విరుద్ధం. ఉప్పునీటి చేపల పరాన్నజీవులలో రెండింటికి, తెల్లచుక్కల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్‌కూ ముఖమల్ జబ్బు తెచ్చే అమైలూడీనియమ్‌కూ, చిరకాలంగా వాడుతున్న మందు రాగి. అయానిక రాగి అయితే లీటరు నీటికి సుమారు 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాముల వరకు ఉండాలి. అంతకు తగ్గితే పరాన్నజీవి చావదు. కొంచెం పెరిగితే చేపకే ముప్పు. ఆ సన్నని గట్టు మీద కొన్ని వారాలు నడవాలి. రాగి చేప ఆకలిని చంపుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. అంటే దెబ్బ తగిలిన చేపకు రాగి వేస్తే, గాయం మానడానికి కావలసిన తిండినీ బలాన్నీ లాగేసుకున్నట్లే. పోనీ యాంటీబయాటిక్ వేద్దామంటే, వాటిలో కొన్ని వడపోతలోని మేలుచేసే సూక్ష్మజీవులనే చంపుతాయి. అప్పుడు అమ్మోనియా పెరిగి చేప మొప్పలు కాలతాయి.

ఇటువైపు చూస్తే, జబ్బును దెబ్బ అనుకుని ఊరుకుంటే ముఖమల్ జబ్బు రెండు మూడు రోజుల్లో పని ముగించేయగలదు. మందు వేయడం ఎప్పుడూ క్షేమమే అనుకునేవారూ, ఆగడం ఎప్పుడూ క్షేమమే అనుకునేవారూ, ఇద్దరూ ఈ గట్టు మీద జారిపడేవారే. వచ్చిన ప్రతి చేపకూ లక్షణాలతో నిమిత్తం లేకుండా రాగి వేసే అనుభవజ్ఞులు ఉన్నారు. వారి వాదనలో బలమూ ఉంది, ఎందుకంటే పరాన్నజీవి మొప్పలలో దాగి ఉంటే కంటికి కనబడదు. నేను చూసి నిర్ణయించే పక్షం. మా తొట్టి చిన్నది, వచ్చే చేపలు ఏడాదికి ఒకటో రెండో. చూడడానికి నాకు తీరిక ఉంది.

నిరుడు వచ్చిన నీలి ట్యాంగు కథ చెబుతాను. 2003లో వచ్చిన "ఫైండింగ్ నెమో" చిత్రంలో మతిమరుపు డోరీ ఉంది చూడండి, ఆ జాతి. తొట్లలో దీని సంతానాన్ని పెంచడం మొదటిసారి సాధ్యమయింది 2016లో, ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు పరిశోధకుల చేతుల్లో. అంగళ్ళలో అమ్మే వాటిలో ఎక్కువభాగం ఇప్పటికీ సముద్రం నుంచి పట్టి తెచ్చినవే. పైగా తెల్లచుక్కల జబ్బుకు ఈ జాతి మొదటి అతిథి అని పేరు. మా చేప వచ్చిన రాత్రి తోక మొదట్లో ఎడమవైపు వేలెడు గీత, రెక్క మీద (బడి పుస్తకాల భాషలో వాజం) మూడు తెల్లని చుక్కలు. తొట్టిలో వదలగానే పక్కకు ఒరిగి చచ్చినట్లు పడుకుంది. అది ఆ జాతి నటన. బెదిరినప్పుడు అలా చేస్తుందని తెలియని ఇంటివారికి గుండె ఆగినంత పనవుతుంది. మా అమ్మాయి "నాన్నా, డోరీ పోయింది" అంది. పోలేదు. ఒక కన్ను మమ్మల్నే చూస్తోంది.

ఆ రాత్రే రాగి వేయాలా?

అప్పుడు నేను వరుసగా చూసుకునేవి కొన్ని ఉన్నాయి. మొదటిది, మచ్చకు అంచు ఎలా ఉంది అన్నది. దెబ్బకు ఆకారం ఉంటుంది. గీత తిన్నగా ఉంటుంది, చిరుగు రెక్క ఈనెల వెంట శుభ్రంగా ఉంటుంది. రెక్క కుళ్ళుతుంటే అంచు పీచుపీచుగా తెల్లబారి, కొన్నిసార్లు ఎర్రని జీరతో, రోజురోజుకూ మొదలు వైపు జరుగుతూ వస్తుంది. రెండవది, ఒకవైపా రెండువైపులా. ఒక కన్ను ఉబ్బితేనో మసకబారితేనో చాలావరకు ఎక్కడో గుద్దుకుని ఉంటుంది. రెండు కళ్ళూ ఒకేసారి ఉబ్బితే ఒంట్లోనో నీళ్ళలోనో ఏదో ఉంది. రాయి రెండు కళ్ళకూ ఒకే రోజున, ఒకే తీరున తగలడం అరుదు కదా.

మూడవది, చుక్కల పోలిక. క్రిప్టోకారియాన్ చుక్కలు ఉప్పు చల్లినట్లు ఉంటాయి. ఒక్కొక్కటీ కొంచెం ఉబ్బెత్తుగా, దాదాపు ఒకే పరిమాణంలో, చర్మం పైపొర కింద కూర్చుని ఉంటాయి. ముఖమల్ చుక్కలు అంతకంటే చాలా చిన్నవి, పక్కనుంచి టార్చి వేస్తే బంగారు పొడి అద్దినట్లు కనబడతాయి. అవి కనబడే వేళకే చేప ఎగశ్వాసతో నీటి పంపు ఎదురుగా నిలబడి ఉంటుంది. రెక్కల అంచుల్లో కాలీఫ్లవరు ముక్కల్లా పెరిగే ముద్దలు మరొక జాతి. వాటిని లింఫోసిస్టిస్ అంటారు. అది వైరస్. దానివల్ల చేప కణం ఒక్కొక్కటీ కంటికి కనబడేంత ఉబ్బుతుంది. చూడడానికి భయంకరం, సాధారణంగా ప్రాణహాని ఉండదు. దానికి మందు లేదు, మంచి తిండి పెట్టి వేచి ఉండడమే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మచ్చను వదిలేసి చేపను చూడడం. తింటోందా? శ్వాస ఎలా ఉంది? మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయి? గడియారం పెట్టుకుని లెక్కిస్తాను. దెబ్బ తిన్న చేప ఒంటికి దెబ్బ ఉన్నా చేపలాగే ఉంటుంది. జబ్బు పడిన చేప ఒంటిమీద ఏమీ కనబడకపోయినా చేపలాగ ఉండదు.

మా ట్యాంగు తోక గీతకు మరో సాక్ష్యం కూడా ఉంది. ట్యాంగులను ఇంగ్లీషువారు శస్త్రవైద్యుల పేరుతో పిలుస్తారు, తోక మొదట్లో రెండుపక్కలా కత్తి వంటి ముల్లు ఉంటుంది కనుక. ఆత్మరక్షణకు ప్రకృతి ఇచ్చిన ఆ ముల్లే వలలో పడినప్పుడు దారాలకు చిక్కుకుని పెనుగులాటలో గాయమవుతుంది. గీత సరిగ్గా అక్కడే ఉంది. దెబ్బకు ఒక చిరునామా ఉంటుంది. ఎక్కడ, దేనికి తగిలిందో ఊహించగలిగితే సగం సందేహం తీరినట్లే. జబ్బుకు ఆ నియమం లేదు.

రెక్క మీది మూడు చుక్కల సంగతి అంత తేలిక కాదు. మర్నాటి ఉదయానికి రెండు మాయమయ్యాయి. నిశ్చింత పడవలసిన విషయం అనిపిస్తుంది. కాని తెల్లచుక్కల జబ్బులోని మాయ అంతా అక్కడే ఉంది. పరాన్నజీవి చేప ఒంటిమీద మూడునుంచి ఏడు రోజులు మేసి, బలిసి, తనంతట తాను రాలిపోతుంది. అడుగున కోశం కట్టుకుని లోపల వందలుగా చీలుతుంది. కొన్ని రోజులకో కొన్ని వారాలకో ఆ పిల్లలు ఈదుతూ బయటకు వచ్చి మళ్ళీ చేపను వెదుకుతాయి. కోశంనుంచి చివరి పిల్ల బయటపడడానికి 72 రోజులు పట్టిన సందర్భం కూడా శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. కాబట్టి చుక్కలు పోయాయి అంటే నయమయిందని కాదు, సంసారం పెంచుకోవడానికి వెళ్ళాయని అర్థం కావచ్చు. జిగురుకు అంటుకున్న ఇసుకరేణువూ రాలిపోతుంది. తేడా ఒకటే, ఇసుక తిరిగి రాదు.

అందువల్ల రోజూ ఒకే వేళకు, ఒకే వైపునుంచి, ఫోనుతో ఒక చిత్రం తీసి పెట్టుకున్నాను. జ్ఞాపకాన్ని నమ్మను. నిన్నటి మచ్చ ఎంత ఉండేదో జ్ఞాపకం మన భయాన్నిబట్టి పెంచుతుంది, మన ఆశనుబట్టి కుదిస్తుంది. మొదటి రోజు మొప్పల లెక్క 110. మూడవ రోజుకు 84. ఆ రోజే గాజుకు రుద్ది పెట్టిన నోరి ఆకు అంచు కొరికింది.

నాలుగవ రోజున గీత తెల్లబారింది. చూసి బూజు పట్టిందనుకునేవారుంటారు. చేప చర్మం మన చర్మం వంటిది కాదు. మనకు పైన మృతకణాల కవచం ఉంటుంది. చేపకు బయటి అంచు వరకూ సజీవ కణాలే, వాటి మీద జిగురు. గాయమయితే పక్కనున్న కణాలు గంటలలోనే పాకి వచ్చి మూసివేయడం మొదలుపెడతాయి. ఆ కొత్త పొరకు ఇంకా రంగు ఉండదు కనుక తెల్లగానో బూడిదగానో కనబడుతుంది. సముద్రపు చేపకు ఆ మూత ఎంత అవసరమో గ్రహించాలంటే దాని రక్తంలోని ఉప్పు సముద్రంలోని ఉప్పులో సుమారు మూడవవంతేనని గుర్తుంచుకోవాలి. చర్మం చిరిగితే సముద్రం దాని ఒంటినుంచి నీటిని లాగేస్తుంది. నీటిలో ఉండి దాహంతో మాడిపోవడమంటే ఇదే. కాబట్టి ఆ తెలుపు చెడ్డవార్త కాదు, అంచులు లోపలికి వస్తున్నంతవరకు. నా చిత్రాలలో అంచులు లోపలికే వస్తున్నాయి.

తొమ్మిదవ రోజున తోక కొసన మళ్ళీ ఒక తెల్లని నలుసు. ఆ రాత్రి భోజనం సరిగా సహించలేదు. పక్కనుంచి టార్చి వేసి చూస్తే ఉబ్బు లేదు, చిన్న నొక్కు. పన్నెండవ రోజుకు అదీ పూడింది. ఇరవయ్యవ రోజు దాటినా చుక్కలు తిరిగి రాలేదు.

ఇలా చెబితే ఆగేవాడిదే గెలుపు అనిపిస్తుంది. అంతకు ముందటి ఏడాది వచ్చిన అయిదు పచ్చ క్రోమిస్ చేపలు ఆ మాటను ఒప్పుకోవు. క్రోమిస్‌లు గుంపుగా ఉంటూనే ఒకదాన్నొకటి పొడుచుకునే జాతి. ఒకదాని పక్కన పొలుసులు లేచి ఎర్రగా కనబడింది. కొరికిన దెబ్బే అనడానికి అన్ని సాక్ష్యాలూ ఉన్నాయి, ఒకే వైపు, ఒకే మచ్చ, పక్కన పోట్లాడే అన్నదమ్ములు. కాని ఈ జాతికి యూరోనీమా అనే శైలికాజీవి పీడ ఉంది. అది కండలోకి తొలుచుకుపోతుంది. పైకి మాత్రం కమిలిన గాయంలా కనబడుతుంది. పోట్లాటే నిజమైతే రెక్కలు కూడా చిరగాలి, ఎందుకంటే తరిమే చేప ముందు అందుకునేది తోకనే. దీని తోక చెక్కుచెదరలేదు. ఎరుపు పొలుసుల పైన లేదు, కిందినుంచి వస్తోంది. మా అమ్మాయి బడి సూక్ష్మదర్శిని బల్ల మీదికి తెచ్చాము. మచ్చ అంచున గాజుపలకతో మెత్తగా తీసిన జిగురులో, నూరురెట్ల పెంపులో, బొట్టుబిళ్ళల వంటివి గిరగిర తిరుగుతున్నాయి. దెబ్బలో అన్ని ప్రాణులు ఉండవు.

రాగి దాని మీద పనిచేయదు. ఆ చేపను విడదీసి ఫార్మలిన్ స్నానం చేయించాను. మర్నాటి సాయంత్రానికి పోయింది. లోపలికి వెళ్ళినదాన్ని పైనుంచి కడగలేము. తక్కిన నాలుగింటికీ అదే స్నానం, మందు కలిపిన మేత. మూడు మిగిలాయి. ఇప్పుడు పెద్ద తొట్టిలో ఉన్నాయి.

మా మామయ్యకు నరసాపురం దగ్గర రొయ్యల చెరువులు ఉండేవి. 1994-95లో తెల్లమచ్చల వైరస్ మన కోస్తా అంతటినీ ఊపేసినప్పుడు ఆయన పంట వారం రోజుల్లో పోయింది. (పేరులో తెల్లమచ్చ ఉన్నా, చేపల తెల్లచుక్కలకూ దానికీ బంధుత్వం లేదు. ఇది పరాన్నజీవి, అది వైరస్.) నా తొట్టి కబుర్లు ఫోనులో విని ఒకసారి అన్నాడు: "ఒరేయ్ అబ్బాయ్, పెంకు మీద మచ్చ ఊరికే కూడా వస్తుందిరా, నీటి గుణానికి. మచ్చ లేకుండా కూడా చస్తాయి. నేను మచ్చ చూడ్డం మానేశాను. మేత మిగిలిందా లేదా, పగలు గట్టు దగ్గరకు చేరాయా లేదా, అవి చూసేవాణ్ణి." కొన్ని బాక్టీరియాల వల్లా, నీటిలో క్షారగుణం పెరగడం వల్లా రొయ్య పెంకు మీద అటువంటి మచ్చలు రావడం నిజమేనని తరువాత చదివాను. ఆయన దాన్ని చదివి తెలుసుకోలేదు. చెరువు గట్టు మీద నిలబడి పంట పోగొట్టుకుని తెలుసుకున్నాడు. నేను నాలుగవ అంశంగా రాసుకున్నది ఆయనకు మొదటి అంశం.

ఇది కొత్త సంగతీ కాదు. సుశ్రుత సంహితలో చికిత్సాస్థానం మొదటి అధ్యాయం పేరే ద్వివ్రణీయం, అంటే రెండు రకాల వ్రణాలను గురించినది. శారీరం, ఆగంతువు. మొదటిది లోపలి దోషాలు చెడి పుట్టేది. రెండవది పడడం వల్ల, దెబ్బ వల్ల, జంతువుల వల్ల, ఆయుధాల వల్ల, బయటినుంచి వచ్చేది. వైద్యుడు గాయానికి చేయి వేసే ముందే ఇది ఏ ఇంటిదని అడగాలన్నమాట. చరకుడు మరొక మెలిక చెబుతాడు. బయటినుంచి వచ్చినదానిలో ముందు నొప్పి, తరువాత దోషాల చెదురు. లోపలినుంచి వచ్చినదానిలో ముందు చెదురు, తరువాత నొప్పి. అంటే చివరికి రెండూ ఒక చోటికే చేరవచ్చు. తేడా తెలిసేది వరుసలో. వరుస తెలియాలంటే మొదటినుంచీ చూస్తున్నవాడు ఒకడుండాలి.

నిర్బంధపు తొట్టి విలువ అక్కడే ఉందని నాకు తోస్తుంది. అది జబ్బును ఆపే గోడ మాత్రమే కాదు, మొదటి రోజునుంచి చూసే కన్ను కూడా. నిన్న లేని మచ్చ నేడు వచ్చిందని చెప్పగలవాడు లేకపోతే, సూక్ష్మదర్శినిలో కనబడినదానికి కూడా సగమే అర్థం. దెబ్బ మొదటి రోజే పూర్తిగా వస్తుంది, తరువాత తగ్గడమే దాని పని. జబ్బు మొదటి రోజు కొంచెమే వస్తుంది. దెబ్బను సరిగా చూసుకోకపోతే అదే జబ్బుకు వాకిలి అవుతుంది కనుక, దెబ్బ అని తేల్చుకున్నాక కూడా చూడడం మానకూడదు.

నీలి ట్యాంగు నలభై అయిదవ రోజున పెద్ద తొట్టిలోకి వెళ్ళింది. క్లౌన్ జంట రెండు రోజులు తరిమి, మూడవ రోజునుంచి పట్టించుకోవడం మానేసింది. తోక మొదట్లో వెంట్రుకంత మసక గీత ఇప్పటికీ ఉంది, తెలిసినవాడికి మాత్రమే కనబడుతుంది.

పోతే, ఒక చిన్న మనవి. ఈ వ్యాసమంతటా క్వారంటైన్‌ను ఏమనాలో తెలియక తంటాలు పడ్డాను. "నిర్బంధం"లో జైలు వాసన, "వెలి"లో మన ఊళ్ళ పాత పాపం వాసన, "ఏకాంతవాసం"లో సన్యాసి వాసన ఉన్నాయి. ఎడంగా ఉంచి కనిపెట్టుకుని ఉండడం అనే రెండు అర్థాలూ, ముఖ్యంగా ఆ రెండవది, ఒకే మాటలో ఇమిడేలా మీకెవరికైనా పదం తడితే చెప్పగలరు. మా పెద్ద తొట్టిలో ఇంకొక చేపకు చోటుంది. అది వచ్చేలోగా మాట దొరికితే బాగుంటుంది.